పాత కారులో వాల్వులు తీసేయవచ్చా?

ప్రశ్న: మా పాత మారుతి ఎస్టీమ్ ఎంపీఎఫ్ఐ (పెట్రోలు ఇంజెక్షన్) కారు సిగ్నల్ దగ్గర ఆపితే వణికి, ఒక్కోసారి ఆగిపోతోంది. పీసీవీ వాల్వును, ఐడిల్ కంట్రోల్ వాల్వును తీసేసి రంధ్రాలు మూసేస్తే గొడవ ఉండదని మెకానిక్ అంటున్నారు. చేయించమంటారా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: వద్దండి. పిస్టన్ రింగుల సందుల్లోంచి క్రాంక్‌కేసులోకి (ఇంజన్ అడుగు భాగంలోకి) దిగే వాయువులను, వాటితోపాటు తేమను, పెట్రోలు ఆవిరిని పీసీవీ వాల్వు మళ్లీ ఇన్‌టేక్‌లోకి (ఇంజన్ గాలి పీల్చే దారిలోకి) పంపి కాల్పిస్తుంది. ఆ దారి మూసేస్తే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లు కారతాయి, ఆయిల్ త్వరగా మడ్డి కడుతుంది. దానికి బదులు చిన్న బ్రీదర్ ఫిల్టరు పెట్టి పొగను బయటికి వదలడం ఉద్గార నిబంధనలకు విరుద్ధం. పైగా గ్రానైట్ లారీలు తిరిగే కరీంనగర్ రోడ్డు దుమ్ముకు అది ఎన్నాళ్లో ఆగదు.

కారు ఆగి ఉన్నప్పుడు ఇంజన్‌కు కావలసిన గాలిని సర్దేది ఐడిల్ వాల్వు. అది లేకుండా త్రాటిల్ (గాలిని నియంత్రించే పలక) స్క్రూతో ఇంజన్ వేగం నిలబెట్టినా, చలికాలం పొద్దున స్టార్ట్ చేసినప్పుడు, ఏసీ వేసినప్పుడు కావలసిన అదనపు గాలిని స్క్రూ ఇవ్వలేదు.

ముందుగా పీసీవీ వాల్వును విప్పి ఊపి చూడండి, గలగలలాడాలి. ఇంజన్ నడుస్తుండగా దాని మూతిపై బొటనవేలు పెడితే లాగినట్టు తెలియాలి. తర్వాత త్రాటిల్ బాడీని, ఐడిల్ గాలి దారిని క్లీనర్‌తో మసి పోయేలా కడిగించండి. నా అనుమానం మాత్రం ఎక్కువగా ఇన్‌టేక్‌కు కలిపిన రబ్బరు గొట్టాల మీదే: ఇంజన్ వేడికి ఎండిపోయి, వంపుల దగ్గర కంటికి కనిపించనంత సన్నగా పగులుతాయి. ఆ పగుళ్లలోంచి అదనపు గాలి చొరబడి ఇంజన్ వణుకుతుంది. వాటన్నిటినీ ఒకేసారి మార్పించండి.