సాయంత్రమైతే ఏడుపొస్తోంది, నా విశ్వాసం తక్కువా?

ప్రశ్న: అమ్మగారూ, మాది రాజోలు దగ్గర పల్లె. పెళ్లయిన ఏడాదికే మా ఆయనతో ఆఫ్రికాలోని మలావీ వచ్చేశాను. ఆయన ఇక్కడ బైబిల్ స్కూల్లో పాఠాలు చెబుతారు. తొమ్మిది నెలలైనా నాకు భాష పట్టుబడలేదు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, పొద్దుగూకితే చాలు ఏడుపొస్తుంది. మన సంఘం వాళ్లు ఫోన్ చేస్తే "ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారు?" అనే అడుగుతారు. బాగానే ఉన్నామని చెప్పి పెట్టేస్తాను. లోపం నా విశ్వాసంలోనే ఉందా?
- ఒక సోదరి, మలావీ

జవాబు: లేదమ్మా. అదే దేశంలో మేం పదకొండేళ్లు ఉన్నాం, మొదటి ఏడాది వంటగది తలుపేసుకుని నేనూ ఏడ్చాను. మన ఊళ్లో ఆ వేళకి కాలవగట్టు మీద ఎవరో ఒకరు పలకరిస్తారు, పక్కింటావిడ గోడ మీంచి "ఏం కూరొదినా?" అంటుంది. అక్కడా పలకరించేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట నాకు అర్థమయ్యేది కాదు, అంతే. దాన్ని నేను ఆత్మీయ బలహీనత అనుకుని ఉపవాసాలుండి ఇంకా నీరసపడ్డాను. నువ్వు ఆ పని చెయ్యకు.

ఒకరోజు సంతలో టమాటా కుప్ప చూపించి ఎంత అని అడిగితే ఆ ముసలావిడ బదులివ్వలేదు, నావైపు చూస్తూ కూర్చుంది. కోపమొచ్చింది. తర్వాత ఆవిడే మెల్లగా "మూలి బ్వాంజి?" అంది, అంటే ఎలా ఉన్నారు అని. పలకరింపు లేకుండా బేరం ఏంటి అని ఆవిడ ఉద్దేశం. "ఎన్‌దిలి బ్వినో, కాయ ఇను?" అని నా చేత మూడుసార్లు చెప్పించి, బాగున్నాను మీరో అనడం నాకు సరిగ్గా వచ్చాకే ధర చెప్పి, పైన రెండు కాయలు కొసరు వేసింది. అప్పట్నుంచి వారానికి రెండుసార్లు ఆవిడ దగ్గరికే వెళ్లేదాన్ని, అవసరం లేకపోయినా. అక్కడి భాష చిచేవా, నా చిచేవా బడి అదే.

ఇంకో మాట. మనం ఇవ్వడానికే వెళ్లామనుకుంటాం, అందుకే ఎవరైనా భోజనానికి పిలిస్తే వాళ్లకెందుకు శ్రమ అని తప్పించుకుంటాం. వెళ్లమ్మా. చేతులు కడుక్కోవడానికి ఇంటివాళ్లే నీళ్లు పోస్తారు, ఎన్‌సీమా అంటే మొక్కజొన్న పిండి సంకటే, మనలాగే కుడిచేత్తో ముద్ద చేసుకుని తింటారు. ఉసిపా అని సరస్సులో దొరికే చిన్న చేపలు, ఎండబెడితే మన ఎండు నెత్తళ్లే గుర్తొస్తాయి. లేత గుమ్మడాకు వేరుశనగ పొడి వేసి వండుతారే, అది మా ఇంట్లో ఇప్పటికీ వండుతున్నాం. వాళ్ల చేతి అన్నం తిన్నాకే వాళ్లు నాతో మనసు విప్పి మాట్లాడారు.

1836లో ఇంగ్లండులోని డెవన్ నుంచి సువార్త సేవకి బయల్దేరి, తర్వాత నరసాపురం చేరిన బౌడెన్, బీర్ దంపతులను తలుచుకో. ఒకాయన రాతిపనివాడు, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు. వాళ్లకి తెలుగు ఓడలో వచ్చిందా? ఎవరో మనవాళ్లు పక్కన కూర్చుని ఓపిగ్గా దిద్దించి ఉంటారు, ఎన్ని తప్పులు విని ఉంటారో! ఆ ఓపిక చూపించేవాళ్లు నీ పక్కింట్లోనూ ఉన్నారు, నువ్వు తలుపు తియ్యాలి.

ఫోన్ల సంగతి సంఘ పెద్దలకే చెబుతున్నాను. అయ్యా, దయచేసి లెక్కలు అడక్కండి. తొమ్మిది నెలల్లో ఒక అమ్మాయి సంతలో పలకరించడం నేర్చుకుంటే చాలా పని జరిగినట్టే. "ఏం తిన్నావమ్మా, జ్వరమేమీ రాలేదు కదా?" అని అడగండి, అప్పుడు తను నిజం చెబుతుంది. ఏడుపు ఇంకా తగ్గకపోతే, నిద్ర, తిండి పోతే మాత్రం మీ ఆయనకి చెప్పి డాక్టరుని కలువు తల్లీ, ప్రార్థనకి అది అడ్డు కాదు.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు కూడా మలావీలోనే సేవ చేస్తున్నారు. తెలిసినవాళ్లు వెళ్తుంటే కందిపప్పు, బియ్యం పంపుదామనుకుంటున్నాను.
- ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: కందిపప్పు వద్దు వదినా! అక్కడ కందులు బాగా పండుతాయి, నాండోలో అంటారు, మన దేశానికి కూడా ఎగుమతి అవుతాయి. సువాసనుండే కిలొంబెరో బియ్యమూ దొరుకుతుంది. ఆదివారం మీ సంఘంలో పాడే పాటలు, మీ పెరట్లో కోడి కూతతో సహా, ఫోన్లో రికార్డు చేసి పంపండి. వాళ్ల గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక, అందుకని మన రాత్రి ఎనిమిదింటికి చేస్తే అక్కడ సాయంత్రం నాలుగున్నర, చీకటి పడేలోపు మాట్లాడొచ్చు. సెలవులకి వచ్చినప్పుడు, కొన్ని నెలల తర్వాతైనా సరే, జ్వరం తగిలితే ఆఫ్రికా నుంచి వచ్చామని డాక్టరుకి ముందే చెప్పమనండి, మలేరియా పరీక్ష ఆ రోజే చేయించండి.