లాయరు అడిగితే ‘బానే ఉన్నానండీ’ అనకండి

మొన్న న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. హెచ్‌-1బీ మీద వచ్చి నాలుగేళ్లయింది. హైవే మీద పెన్సిల్వేనియా కంపెనీ ట్రక్కు ఒకటి వెనక నుంచి గుద్దితే నడుముకు ఆపరేషన్ అయింది. న్యూజెర్సీ స్టేట్ కోర్టులో దావా వేశాడు. నెల తిరక్కుండానే కేసు నూవార్క్‌లోని ఫెడరల్ కోర్టుకు వెళ్లిపోయిందట. "అన్నా, ఫెడరల్ అంటే క్రిమినల్ కేసా? వీసాకేమన్నా అవుతుందా?" అని ఒకటే టెన్షన్.

అదేం కాదు. ఫెడరల్ కోర్టంటే రాష్ట్రానిది కాక దేశ ప్రభుత్వపు కోర్టు, అంతే. ఇది డబ్బు దావానే, వేసింది నువ్వే. రెండు పక్షాలూ వేర్వేరు రాష్ట్రాల వాళ్లో, ఒకరు విదేశీయులో అయి, అడిగే సొమ్ము 75,000 డాలర్లు దాటితే, సమన్లు అందిన 30 రోజుల్లో అవతలి కంపెనీ కేసును ఫెడరల్ కోర్టుకు మార్పించుకోవచ్చు. హెచ్‌-1బీ మీద పదేళ్లున్నా ఆ లెక్కలో మనం ఇండియా వాళ్లమే. పన్ను కట్టేటప్పుడు మాత్రం ఇక్కడివాళ్లం! గ్రీన్‌కార్డు ఉండి, అవతలివాడి రాష్ట్రంలోనే స్థిరపడితే ఇలా ఫెడరల్ కోర్టుకు మార్చే దారి మూసుకుపోతుంది.

కోర్టు మారినా తప్పెవరిదో తేల్చే చట్టం మారదు, అది రాష్ట్రానిదే. 1938లో అమెరికా సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది కూడా ఒక ప్రమాదం కేసులోనే. పెన్సిల్వేనియాలో రాత్రిపూట రైలు పట్టాల పక్కన నడిచి వెళ్తున్న టాంప్‌కిన్స్ అనే మనిషికి, వెళ్తున్న రైలు నుంచి బయటికి పొడుచుకొచ్చినదేదో తగిలి చెయ్యి పోయింది. దావా వేసే గడువూ రాష్ట్రాన్ని బట్టే: న్యూజెర్సీలో రెండేళ్లు, న్యూయార్క్‌లో మూడేళ్లు.

నేను లాయరుని కాను. కానీ ఇలాంటి కేసులోనే ఏడాదిన్నర నలిగాను కాబట్టి చెబుతున్నా. సినిమాల్లోలా జడ్జి ముందు వాదనలు ఉంటాయనుకుంటే పొరపాటు. పని చాలావరకు కాగితాల మీదే నడుస్తుంది. నష్టం ఎంతో, ఎలా లెక్కకట్టారో అవతలివాళ్లు అడక్కముందే మన లాయరు రాసివ్వాలి. అందుకని ఫార్మసీ రసీదు దగ్గర్నుంచి అన్నీ దాచుకోండి. ఫోన్‌లో ఫొటోలు, వాట్సాప్ మెసేజీలు ఏవీ తీసేయకండి. దెబ్బ తగిలిన నెలకే బతుకమ్మ ఆటలో దిగిన ఫొటో ఉన్నా సరే, తీసేస్తే అంతకంటే ఎక్కువ చిక్కు. అవతలి లాయరు ‘ఫలానాది నిజమని ఒప్పుకుంటారా’ అని కాగితం పంపితే, 30 రోజుల్లో జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే. మీ లాయరు ఈమెయిల్‌ను వారాంతం దాకా పక్కన పెట్టకండి. సెలవు మీద ఇండియా వెళ్తుంటే ముందే చెప్పండి.

అసలు కష్టం డిపోజిషన్. లాయరు ఆఫీసులో కూర్చోబెట్టి, ప్రమాణం చేయించి, అవతలి లాయరు ప్రశ్నలు వేస్తాడు. రూల్ ప్రకారం ఒక్కరోజు, ఏడు గంటలు. పక్కన కోర్టు రిపోర్టర్ ప్రతి మాటా ఎక్కిస్తుంటాడు. మనం అవునో కాదో తెలియకుండా తల ఊపుతాం చూడండి, అది రికార్డుకెక్కదు. నోరు తెరిచి చెప్పాలి.

అక్కడ నేను చేసిన తప్పు ఇప్పటికీ గుర్తే. "బియ్యం బస్తా ఎత్తగలరా?" అంటే, మర్యాదకి నవ్వుతూ "ఏదో మేనేజ్ చేస్తున్నానండీ" అన్నాను. నిజానికి ఎత్తేది మా ఆవిడ. ఎమర్జెన్సీలో నర్సు ఎలా ఉన్నారంటే "ఫైన్" అన్నది కూడా ఫైల్లో ఉంది. రెండూ కలిపి చదివారు, నా ముఖం మాడిపోయింది. నొప్పి ఉంటే ఉందని చెప్పండి, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. తెలియకపోతే తెలియదనండి. ఈ కుర్రాడిని "నడుం ఎలా ఉందిరా?" అని అడిగితే "బానే ఉందన్నా" అన్నాడు. గట్టిగా తిట్టాను.

దెబ్బ తగిలింది విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకైతే తెలుగు దుబాసీని అడగండి, కొడుకు తర్జుమా చేస్తే కుదరదు. వాళ్లు తిరిగి వెళ్లిపోయినా సరే, రెండు పక్షాలూ ఒప్పుకుంటేనో, కోర్టు ఆర్డరిస్తేనో వీడియోలో డిపోజిషన్ పెట్టొచ్చు.

గుద్దింది పోస్టాఫీసు బండైతే, అది ఫెడరల్ ప్రభుత్వానిది కాబట్టి, దారి వేరు. నేరుగా దావా వేయడానికి లేదు. స్టాండర్డ్ ఫారం 95 నింపి, ఇన్ని డాలర్లని కచ్చితంగా అంకె వేసి, రెండేళ్లలోపు ఆ శాఖకే ఇవ్వాలి. వాళ్లు కాదని ఉత్తరం పంపితే, అది పోస్టు చేసిన రోజు నుంచి ఆరు నెలల్లో ఫెడరల్ కోర్టుకెళ్లాలి. అక్కడ జ్యూరీ ఉండదు, తీర్పు జడ్జిదే. ఇల్లు మారితే ఆ శాఖకు కొత్త అడ్రసు రాసివ్వండి, ఆ ఉత్తరం పాత అపార్ట్‌మెంట్ డబ్బాలో పడి ఉండిపోకుండా.