తాడు లాగే మనిషి

ప్రశ్న: వయసు మళ్లిన రోడియో ఆటగాడు ఊళ్లు పట్టి తిరిగే కుర్రాణ్ని చేరదీసి విద్య నేర్పడం అమెరికా కథల్లో చూస్తుంటాం. ఒకే బహుమతికి పోటీపడేవాళ్లు నిజంగా అలా నేర్పుతారా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నేర్పుతారు. అందులో పెద్ద త్యాగమేమీ లేదు, ఆట లెక్కే అలాంటిది. రోడియో అంటే ఎగిరి గెంతే ఆంబోతు మీదో గుర్రం మీదో పడిపోకుండా నిలిచే పోటీలనుకోండి. ఎవరికి ఏ ఆంబోతో డ్రాలో తేలుతుంది. ఒంటిచేత్తో పట్టుకుని 8 సెకన్లు నిలిస్తేనే మార్కులు. వందలో సగం మనిషికి, సగం పశువుకి. పైగా జీతాల్లేవు. ప్రవేశ రుసుము సొంత జేబులోంచే కట్టాలి, కింద పడితే అదీ పోయినట్టే. అందుకే ఒకే బండెక్కి, పెట్రోలు ఖర్చు పంచుకుంటూ తిరుగుతారు. రాత్రంతా బండి నడిపే ఓపిక కుర్రాడిది, ఏ గుర్రం ఎటు తిరుగుతుందో చెప్పే అనుభవం పెద్దాయనది. ఇద్దరికీ గిట్టుబాటే.

జీను వేసిన గుర్రం మీద సవారీ చేసే పోటీలో ఈ అనుభవం విలువ బాగా కనిపిస్తుంది. అక్కడ పట్టుకోవడానికి ఒకే పగ్గం ఉంటుంది. దాన్ని ఎక్కడ పట్టాలన్నది గుర్రాన్ని బట్టి మారుతుంది. బోనులో, అంటే పోటీకి ముందు పశువును నిలిపి ఉంచే ఇరుకు దొడ్డిలో, గుర్రం తలెత్తి ఉండగా పగ్గాన్ని జీను మీదికి బిగించి లాగి, జీను ముందరి ఉబ్బు దగ్గర్నుంచి పిడికిలితో, చాచిన బొటనవేలితో కొలుస్తారు. మన జాన, బెత్తె లెక్కే అనుకోండి. కురచగా పడితే, గుర్రం తల దించగానే మనిషి దాని మెడ మీదుగా ముందుకి పోతాడు. పొడుగ్గా పడితే పగ్గం వదులై, ఆనడానికేమీ లేక వెనక్కి వాలిపోతాడు. ఆ గుర్రం ఎక్కినవాణ్ని అడిగితే ‘పిడికిలి మీద రెండు వేళ్లు ఇవ్వు’ అని చెప్పేస్తాడు. దాచుకోడు.

పేరున్న ఉదాహరణ కావాలంటే ఆంబోతు సవారీదారు ఫ్రెకిల్స్ బ్రౌన్. 200కు పైగా ప్రయత్నాల్లో ఎవరికీ లొంగని టొర్నాడో అనే ఆంబోతు మీద 1967లో ఓక్లహోమా సిటీలో నిలిచాడు. అప్పటికి ఆయనకు 46 ఏళ్లు. తనకన్నా 42 ఏళ్లు చిన్నవాడైన లేన్ ఫ్రాస్ట్‌కు ఆంబోతు సవారీలో మెలకువలు నేర్పాడు. లేన్ దిక్కులేనివాడు కాదులెండి, తండ్రి కూడా రోడియో ఆడినవాడే. 1987 మార్చిలో ఫ్రెకిల్స్ పోయాడు, డిసెంబరులో లేన్ ప్రపంచ విజేత అయ్యాడు. 1989లో షైయెన్‌లో ఆంబోతు కుమ్మి లేన్ చనిపోతే, ఓక్లహోమా రాష్ట్రంలోని హ్యూగోలో ఫ్రెకిల్స్ సమాధి పక్కనే పూడ్చారు. ఇప్పుడు సవారీదారులు ఛాతీకి తొడిగే రక్షణ కవచం తయారైంది ఆ చావు తర్వాతే. దాన్ని రూపొందించినవాడు కోడీ లాంబర్ట్, లేన్‌తో కలిసి పోటీలకు తిరిగిన స్నేహితుడే.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాం. ఫోర్ట్ వర్త్ స్టాక్‌యార్డ్స్‌లో రోడియో చూడబోతున్నాం. ఏం గమనించాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: బోనులు దగ్గరగా కనిపించేలా సీట్లు తీసుకోండి. 8 సెకన్ల ఆట ఎక్కడి నుంచైనా కనబడుతుంది. అసలు చూడాల్సింది ఆంబోతు సవారీకి ముందు నిమిషం.

సవారీదారు ముందే, ఆంబోతు ఒంటి చుట్టూ కట్టి చేత్తో పట్టుకునే తాడుకి గుగ్గిలం లాంటి రోజిన్ పొడి పూసి, గ్లవ్‌తో గట్టిగా రుద్దుతాడు. వేడికి అది జిగురెక్కుతుంది. తాడుకి పొట్ట కింద వేలాడే గంట మోతకోసం కాదు, పట్టు వదలగానే ఆ బరువుకి తాడు జారి పడిపోవడానికి. తర్వాత బోను మీద నిలబడ్డ స్నేహితుడు తాడు కొస లాగి బిగిస్తాడు. బిగువు చాలకపోతే మొదటి గెంతుకే తాడు పక్కకి జారుతుంది, దాంతోపాటు మనిషీ. అదే స్నేహితుడు రెండో చేత్తో కవచం వెనక పట్టుకుని ఉంటాడు. ఆంబోతు బోనులోనే ముందుకాళ్లెత్తితే మనిషిని పైకి లాగేయాలి కదా! ఈ పని అందరికీ అప్పగించరు. తాడు ఎవరు లాగుతున్నారో చూస్తే ఎవరికెవరు ఆప్తులో తెలిసిపోతుంది.

దిగేటప్పుడూ చూడండి. కుడిచేత్తో పట్టినవాడు కుడివైపే దిగాలి. ఎడమవైపు పడితే చెయ్యి ఆంబోతు వీపుమీదుగా మెలిపడి తాడులో ఇరుక్కుంటుంది. అప్పుడు మైదానంలో ఉన్నవాళ్లు పరుగెత్తుకొచ్చి తాడు కొస లాగి విడిపిస్తారు. పిల్లలు తోడుంటే ముందే చెప్పి ఉంచండి, చూడ్డానికి భయం వేస్తుంది.