డ్యూటీకి ముందు పరీక్ష: ఫలితం ఎవరి కంట పడాలి?

ప్రశ్న: కర్నూలులో ఒక ప్రైవేటు ట్రావెల్స్‌లో రాత్రి సర్వీసు నడుపుతాను. బస్సు ఎక్కే ముందు అందరి ఎదుటా బ్రీత్ అనలైజర్ ఊదించి, ఫలితాన్ని ఫొటో తీసి సిబ్బంది వాట్సప్ గ్రూపులో పెడుతున్నారు. ఇప్పుడు మత్తు పదార్థాల కోసం మూత్ర పరీక్ష చేయించుకోవాలని, వాడే మందులన్నీ రాసివ్వాలని అంటున్నారు. నేను మద్యం ముట్టను. వీటిని కాదనవచ్చునా?
– ఒక డ్రైవరు, కర్నూలు

జవాబు: ఊదడానికి మాత్రం నిరాకరించకండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉండగా బండి నడిపితే, మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారికి 6 నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. తాగిన మనిషికి తెలిసి బండి అప్పగించిన యజమాని మీదికి 188వ సెక్షన్ రావచ్చు. ప్రయాణికుల ప్రాణాలు చేతిలో ఉన్న ఉద్యోగంలో ఈ పరీక్ష అడగడం సబబే.

అయితే యంత్రం చూపిన అంకే తీర్పు కాదు. నోరు పుక్కిలించే మందులోను, కొన్ని హోమియో చుక్కల్లోను ఆల్కహాల్ ఉంటుంది కనుక, తేడా వస్తే నీళ్లతో నోరు కడుక్కుని, 15–20 నిమిషాలు ఆగి మళ్లీ ఊదుతానని అడగండి. అప్పటికీ తేడా చూపితే రక్త పరీక్ష కోరండి. రక్త, మూత్ర పరీక్షలు చేయించకుండా, వాసన వచ్చిందనో నడక తడబడిందనో మనిషి తాగి ఉన్నాడని తేల్చలేమని సుప్రీంకోర్టు 1971లోనే బచ్చూభాయ్ కర్యానీ కేసులో చెప్పింది.

మూత్ర పరీక్ష సంగతి వేరు. గంజాయి ఆనవాళ్లు మత్తు దిగిన ఎన్నో రోజుల తర్వాత కూడా అందులో కనిపిస్తాయి కాబట్టి, అది స్టీరింగ్ పట్టిన వేళ మీ స్థితిని చెప్పదు. కోడీన్ ఉన్న దగ్గు మందు తాగినా, గసగసాలు ఎక్కువగా పడిన కూర తిన్నా తొలి పరీక్షలో నల్లమందు జాతి ఆనవాళ్లు తేలవచ్చు. గసగసాలు లేని కోడికూర మన సీమలో ఎంత అరుదో యజమానికీ తెలియనిది కాదు. కనుక ప్రయోగశాలలో రెండో పద్ధతిలో నిర్ధారణ అయ్యేదాకా చర్య తీసుకోబోమని రాతపూర్వకంగా అడిగి తీసుకున్నాకే ఒప్పుకోండి.

మందుల జాబితా ఇవ్వనక్కర లేదని నా అభిప్రాయం. రాత్రి బండి నడుపుతానని వైద్యుడికి చెప్పి, నడపడానికి యోగ్యుడినన్న ధ్రువపత్రం తెచ్చి ఇవ్వండి. యజమానికి కావలసింది అంతే; మీకు బీపీ ఉందా, మధుమేహం ఉందా అన్నది కాదు.

ఫొటోలు గ్రూపులో పెట్టడం మాత్రం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ తీర్పు ముఖ్యంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేదే అయినా, ప్రైవేటు సంస్థల కోసం 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది; అది దశలవారీగా అమలవుతోంది. డ్యూటీ వేసే అధికారికి తప్ప తోటి డ్రైవర్లకు మీ ఫలితంతో పని లేదు. పరీక్ష విడి గదిలో జరపాలని, ఫొటోలు తొలగించాలని కోరుతూ యజమానికి ఉత్తరం ఇచ్చి, అందినట్లు నకలు మీద సంతకం తీసుకోండి. దీనికి ప్రతిగా డ్యూటీ ఆపినా, విచారణ లేకుండా తొలగించినా, ఆ నకలుతో కర్నూలులోని కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి.