తాతయ్య గడ్డమే మనవడికీ వస్తుందా?

ప్రశ్న: మాది రాయగడ. బాబుకి 7 ఏళ్లు. కొత్తగా వచ్చిన పై ముందు పళ్లు, నోరు మూస్తే కింది పళ్ల వెనక్కి పోతున్నాయి. మా ఆయన నాకు మేనమామే. ఆయనకీ మా తాతయ్యకీ కింది దవడ ముందుకు ఉంటుంది. ‘మన ఇంటి పోలికే, మగపిల్లాడికి ఏంకాదులే’ అంటుంది అమ్మ. ఇక్కడి పళ్ల డాక్టరు 12వ ఏట రమ్మన్నారు. ఆగవచ్చా? మేనరికం వల్లేనా ఇదంతా?

జవాబు: ఆగకండమ్మా. ఈ నెలలోనే ఒక ఆర్థోడాంటిస్ట్‌కి, అంటే పళ్ల వరస, దవడల అమరిక సరిచేసే డాక్టరుకి చూపించండి.

దవడ పోలిక వంశంలో దిగడం నిజమే. ఐరోపాను ఏలిన హాబ్స్‌బర్గ్ రాజుల చిత్రాల్లో తరతరాలుగా ఆ గడ్డమే కనిపిస్తుంది. వాళ్లూ దగ్గర సంబంధాలే చేసుకునేవారు. 1700లో చనిపోయిన స్పెయిన్ రాజు రెండో చార్లెస్ అమ్మానాన్నలు మేనమామ, మేనకోడలే. మీ తాతయ్యే బాబుకి నాన్న వైపు తాత, మీ వైపు ముత్తాత కాబట్టి, ఆ పోలిక వచ్చే అవకాశం కొంత ఎక్కువ. అందులో మీ తప్పేమీ లేదు, ఎవరేమన్నా మనసుకి తీసుకోకండి.

కానీ నాన్న దవడ చూసి కొడుకు దవడ ఎంత పెరుగుతుందో చెప్పలేం. ఎత్తుకైతే ఒక లెక్కుంది: అమ్మానాన్నల ఎత్తులు కూడి, మగపిల్లాడికి 13 సెంటీమీటర్లు కలిపి, సగం చేస్తాం. దానికే అటూ ఇటూ 8 సెంటీమీటర్ల దాకా తేడా వస్తుంది. దవడకి ఆపాటి లెక్క కూడా లేదు. ఏడాది రెండేళ్ల ఎడంతో పక్కనుంచి తీసిన తల ఎక్స్‌రేలు పోల్చి చూసుకోవాల్సిందే.

ముందు తేల్చాల్సింది తప్పు ఏ దవడదన్నది. బాబుని దవడ వదులుగా ఉంచి మెల్లగా నోరు మూయమనండి. ముందు పళ్ల అంచులు తగిలాక దవడ ముందుకు జారుతుంటే మంచిదే. అది చాలావరకు పళ్ల అడ్డు, నోట్లో పెట్టుకునే చిన్న ప్లేటుతో కొన్ని నెలల్లో సర్దుకోవచ్చు.

పై దవడ వెనకబడి ఉంటే ఫేస్‌మాస్క్ అని, నుదురు, గడ్డం మీద ఆనేలా ముఖానికి తగిలించే ఒక చట్రం పెడతారు. రబ్బరు బ్యాండ్లతో అది పై దవడని ముందుకు లాగుతుంది. రోజుకి 12 నుంచి 14 గంటలు, ఇంచుమించు ఏడాది పెట్టుకోవాలి. పిల్లాడు మొరాయిస్తాడు, బడికి వద్దు, ఇంటికొచ్చాక, నిద్రలో పెట్టండి. 10 ఏళ్లలోపే ఇది బాగా పనిచేస్తుంది. తర్వాత ముఖం ఎముకల అతుకులు బిగుసుకుపోతాయి. 12 దాకా ఆగమనడం నాకు నచ్చనిది ఇందుకే.

కింది దవడే పెద్దదైతే మాత్రం నిజం చెప్పాలి. మగపిల్లల్లో అది 18, 20 ఏళ్ల దాకా పెరుగుతుంది. ఇప్పుడు సరిచేసినా మీసాలొచ్చే వయసులో మళ్లీ ముందుకు రావచ్చు. అప్పుడు ఎదుగుదల ఆగాక ఆపరేషనే దారి.

కటక్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. అయితే నెలనెలా తిరగాలి కాబట్టి, మీకు రైల్లో విశాఖే వీలు. వెళ్లేటప్పుడు మీ ఆయన చిన్నప్పటివి, పదహారేళ్లప్పటివి పక్కముఖం ఫొటోలుంటే పట్టుకెళ్లండి. ఆయన దవడ ఏ వయసులో ముందుకొచ్చిందో డాక్టరుకి తెలియాలి.