పాఠకుల ప్రశ్నలు: ప్రొజెక్టర్ గదిలో ఆపరేటర్

ప్రశ్న: చిన్న ఊళ్ల పాత సినిమా హాళ్ల చరిత్రలో యజమానితో పాటు ఆపరేటర్‌నూ గొప్పగా చెప్పుకుంటారు. మీట నొక్కడం తప్ప ఆయన చేసే పని ఏముంటుంది?

జవాబు: మీట నొక్కితే సరిపోవడం డిజిటల్ ప్రొజెక్టర్లతో వచ్చిన సౌకర్యం. 35 ఎం.ఎం. ఫిల్ము 2000 అడుగుల రీలు సుమారు 22 నిమిషాలే నడిచేది కనుక, హాలులో రెండు ప్రొజెక్టర్లు ఉండేవి. రీలు ముగియబోతుండగా తెర కుడివైపు పై మూలన లిప్తపాటు కనిపించే చుక్కను చూసి ఆపరేటర్ రెండో యంత్రం మోటారును నడిపించేవాడు, ఏడు సెకన్లకు మరో చుక్క కనిపించగానే వెలుగును అటు మార్చేవాడు. ప్రేక్షకులకు ఆ మార్పు తెలియకపోవడమే ఆయన పనితనం.

దీపం సంగతి మరీ కష్టం. రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే ఆర్కే, అంటే విద్యుత్ మెరుపే, వెలుగు. కడ్డీలు కాలి పొట్టివవుతున్న కొద్దీ ఎడం సరిచేస్తూ ఉండకపోతే తెర మసకబారేది. తరువాత జినాన్ వాయువు నింపిన దీపాలు వచ్చి ఈ బాధ తీర్చాయి. 1950ల తొలినాళ్ల వరకు వాడిన నైట్రేట్ ఫిల్ము అంటుకుంటే నీళ్లకు కూడా ఆరదు, అందుకే ప్రొజెక్టర్ గది కిటికీలకు ఇనుప తలుపులు అమర్చేవారు.

నా దృష్టిలో అసలు నేర్పు మరమ్మతులో ఉంది. పెద్ద నగరాల్లో ఆడి అరిగిన ప్రింట్లే చిన్న హాళ్లకు చేరేవి కనుక, ఆపరేటర్ ఫిల్ము అంచును వేళ్ల మధ్య జారనిస్తూ యంత్రం పళ్లు పట్టి లాగే రంధ్రాల్లో చిరిగినవాటిని తడిమి పట్టుకుని, పాడైన ముక్కను కత్తిరించి, పైపూత గీకి, ఫిల్ము సిమెంటు అనే జిగురుతో అతికించేవాడు.