వేపుడు ఎర్రబడితే ఏమవుతుంది?

ప్రశ్న: మా కోడలు కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. బంగాళాదుంప వేపుడు ఎర్రబడకముందే పొయ్యి మీంచి దింపేస్తుంది. అదేమిటమ్మా అంటే, "ఎక్కువ వేగితే అక్రిలమైడ్ పుడుతుంది అత్తయ్యా" అంటుంది. మావారికేమో ముక్క కరకరలాడితే గాని ముద్ద దిగదు. అక్రిలమైడ్‌ను ఫ్యాక్టరీల్లో వాడతారని విన్నాను. ఎవరూ కలపని రసాయనం మా మూకుట్లోకి ఎలా వస్తుంది? దీన్ని ఎవరు కనిపెట్టారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ కోడలు చెప్పింది నిజం. దాన్ని ఎవరూ కలపనక్కరలేదు, దుంపలోనే పుడుతుంది. ఈ సంగతి 2002 వరకు ఎవరికీ తెలియదు. ప్రయోగశాలల్లో అక్రిలమైడ్ పొడిని చేతికి గ్లవుజులు లేకుండా ముట్టుకోనివ్వరు. అలాంటి పదార్థం ఇంటింటా పళ్ళెంలో ఉందంటే మొదట శాస్త్రవేత్తలకే నమ్మకం కలగలేదు.

కథ స్వీడన్‌లో ఒక కొండ దగ్గర మొదలైంది. 1997లో ఆ దేశపు నైరుతి భాగంలో, హాలండ్‌సోస్ అనే కొండను తొలిచి రైలు సొరంగం తవ్వుతుండగా, రాతి పగుళ్ళలోంచి ఉబికే నీటిని ఆపడానికి అక్రిలమైడ్ ఉన్న ద్రవాన్ని వాటిలోకి ఎక్కించారు. అది సరిగా గట్టిపడక చుట్టుపక్కల నీటిలో కలిసింది. చేపలు చచ్చిపోయాయి, ఆ వాగు నీరు తాగిన ఆవులకు కాళ్ళు పడిపోయాయి. సొరంగంలో పనిచేసిన కార్మికుల ఒంట్లోకి ఎంత చేరిందో తేల్చే పనిలో స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయపు పర్యావరణ రసాయన శాస్త్రవేత్త మార్గరేటా టోర్న్‌క్విస్ట్, ఆమె సహచరులు పాలుపంచుకున్నారు.

కార్మికుల రక్తంలో అక్రిలమైడ్ జాడ ఉండడంలో వింత లేదు. అయితే పోల్చి చూసుకోవడానికి, సొరంగంతో ఏ సంబంధమూ లేని, పొగ తాగే అలవాటు కూడా లేని మనుషుల రక్తం పరీక్షిస్తే, అందులోనూ ఆ జాడ కొంత కనబడింది. కొలతలో ఏదో పొరపాటని ఆ అంకెను పక్కన పెట్టేసి ఉంటే అడిగేవారు లేరు. టోర్న్‌క్విస్ట్ బృందం పక్కన పెట్టలేదు, అందుకే ఈ పరిశోధనంటే నాకు ఎంతో గౌరవం. వండిన తిండి తినని అడవి జంతువుల్లో ఆ జాడ తక్కువగా ఉండడంతో, వంట మీద అనుమానం కలిగింది. ఎలుకలకు వేయించిన మేత పెట్టి చూస్తే, వాటి రక్తంలో జాడ పెరిగింది. చివరికి ఆహారాన్నే పరీక్షించారు. మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న పదార్థాలను వేడిచేసినప్పుడు కిలోకు 5 నుంచి 50 మైక్రోగ్రాములు, బంగాళాదుంప వంటి పిండిపదార్థాల్లో 150 నుంచి 4000 మైక్రోగ్రాముల వరకు వచ్చింది. ఉడకబెట్టిన వాటిలో మాత్రం దొరకలేదు. 2002 ఏప్రిల్‌లో స్వీడన్ ఆహార పరిపాలన సంస్థ, విశ్వవిద్యాలయం కలిసి ఈ విషయాన్ని లోకానికి చెప్పాయి.

బంగాళాదుంపలో ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం (మాంసకృత్తులు తయారయ్యే ముడిసరుకుల్లో ఒకటి), గ్లూకోజు, ఫ్రక్టోజు వంటి చక్కెరలు సహజంగానే ఉంటాయి. వేడి 120 డిగ్రీల సెంటీగ్రేడు దాటి, ముక్క పైపొర ఎండుతున్నప్పుడు ఇవి కలిసి అక్రిలమైడ్‌గా మారతాయి. నీళ్ళలో ఉడికే దుంపకు వేడి నూరు డిగ్రీలు దాటదు కాబట్టి ఆ బెడద లేదు. వేపుడుకు ఎర్రటి రంగును, కమ్మటి వాసనను ఇచ్చేదీ ఈ కోవకు చెందిన చర్యే. అందుకే రంగును చూసి అక్రిలమైడ్‌ను అంచనా వేయవచ్చు: ముక్క బంగారు రంగులో ఉన్నప్పుడు తక్కువ, అంచులు ముదురు గోధుమ రంగుకు తిరిగితే ఎక్కువ, అట్లకాడతో గీకితే వచ్చే మాడులో మరీ ఎక్కువ.

ఇక భయం సంగతి. ఎలుకల్లో ఇది కాన్సర్ కలిగించింది. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీన్ని, మనుషుల్లోనూ కాన్సర్ కలిగించే అవకాశం గట్టిగా ఉన్నవాటి జాబితాలో చేర్చింది. కానీ తిండి ద్వారా మనుషులకు కలిగే హానిపై జరిగిన అధ్యయనాలు ఒక్క మాట మీద లేవు. వేపుడు మానేయమని మీకు నేను చెప్పను. ముక్కలు కోశాక పదిహేను నిమిషాల నుంచి అరగంట దాకా నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, బట్టతో తడి అద్ది వేయించండి. చక్కెర, ఆస్పరజిన్ కొంత ఆ నీళ్ళతో పోతాయి. మంట తగ్గించి, బంగారు రంగు రాగానే దింపితే మీవారికి కరకరా దక్కుతుంది, కోడలి మాటా నిలుస్తుంది.

ప్రశ్న: ఎప్పుడో ఒంట్లోకి వెళ్ళిన రసాయనాన్ని రక్తంలో ఎలా పట్టుకుంటారు?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ఒంట్లోకి చేరిన అక్రిలమైడ్ చాలావరకు త్వరగానే విసర్జన అయిపోతుంది, కానీ అందులో కొంత, ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్ అనే మాంసకృత్తి గొలుసు కొనన ఉన్న వాలీన్ అనే అమైనో ఆమ్లానికి గట్టిగా అతుక్కుంటుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి, ఆ నాలుగు నెలల్లో మనిషికి తగిలిన మోతాదు అక్కడ నమోదై ఉంటుంది. ఆ వాలీన్‌ను గొలుసు నుంచి విడదీసి, అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటరు అనే పరికరంతో కొలుస్తారు. పొగాకు పొగలోనూ అక్రిలమైడ్ ఉంటుంది, కనుక పొగ తాగేవారిలో అంకె ఎక్కువ వస్తుంది.

ప్రశ్న: బంగాళాదుంపలను ఫ్రిజ్‌లో పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వేయించే దుంపలను పెట్టకండి. చలికి దుంపలోని పిండి చక్కెరగా మారుతుంది, ఆ దుంప వేయిస్తే త్వరగా నల్లబడుతుంది, అక్రిలమైడ్ కూడా ఎక్కువ పుడుతుంది. గాలి ఆడే, వెలుతురు పడని చోట బుట్టలో ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టినవి ఉంటే కూరకో పులుసుకో వాడుకోండి.